మద్దిలేటి ఎడమ కాలు

ఆదివారం పొద్దున కేశవులు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదిన్నర బస్సుకు ఎమ్మిగనూరు పోవాలి, సాయంత్రానికి ఆదోనికి తిరిగి రావాలి, మధ్యలో ఏం చేశాడో ఇంట్లో ఎవరికీ తెలియకూడదు. ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. నలభై పేజీల నోటుపుస్తకాన్ని పొట్టకూ పంచెకూ మధ్య దోపుకున్నాడు. చప్పుడు కాకుండా చెప్పులు చేత్తో పట్టుకుని గడప దాటాడు. అంతవరకూ సవ్యంగానే నడిచింది. చెప్పులు వేసుకోవడానికి ఒంగేసరికి నోటుపుస్తకం అంచు పొట్టలో పొడుచుకుని "హబ్బా" అన్నాడు.

"యాడికి పోతాండావు?" అంది వంటింట్లోంచి శాంతమ్మ.

ముప్పై రెండేళ్ళు జిన్నింగు మిల్లులో పత్తి బేళ్ళు కట్టిన మనిషి కేశవులు. మిల్లు రొదలో మాట్లాడినా వినిపించదు కాబట్టి మాట్లాడడమే మానేశాడు. మిల్లు విడిచినా ఆ అలవాటు విడవలేదు. అబద్ధమాడదామన్నా నోట్లో నాలుగు మాటలకు మించి దొరకలేదు.

"ఎమ్మిగనూరికి. మద్దిలేటికి బాగలేదు."

"ఏ మద్దిలేటి?"

"మిల్లులో ఉన్న్యాడు."

"ఏమైంది?"

కేశవులు కిందికి చూశాడు. చెప్పు ఎక్కని తన పాదమే కనిపించింది. "కాలు," అన్నాడు.

"ఏ కాలు?"

"ఎడమ," అని, రెండో చెప్పు వీధిలో వేసుకున్నాడు.

అసలు సంగతేమిటంటే, ఎమ్మిగనూరులో ఒక మగ్గం బట్టల దుకాణం మీది గదిలో సామ్సన్ సారు అనే రిటైరైన తెలుగు మాస్టరు ఆదివారాలు కథలు రాయడం నేర్పుతున్నాడు. ఎనిమిది ఆదివారాలు, పదిమంది నేర్చుకునేవాళ్ళు, చివరికి ఒక పుస్తకం. ప్రాణమున్న కథ తెచ్చినవాళ్ళ పేర్లు అందులో ఎక్కుతాయి, తేనివాళ్ళవి ఎక్కవు. కేశవులు బడిలో చదివింది మూడో తరగతి. ఆ తరవాతి చదువంతా బజ్జీల పొట్లాల మీదే జరిగింది. టీ వేళకు బజ్జీలు చుట్టి వచ్చిన పత్రిక కాగితాన్ని నూనె తుడిచి చదివేవాడు. ఎప్పుడూ సగం కథే ఉండేది. పెళ్ళికూతురు బావిలోకి తొంగి చూసిన చోటనో, పోలీసు తలుపు తట్టిన చోటనో కాగితం చిరిగి ఉండేది. ముప్పై రెండేళ్ళలో ఒక్క కథకూ ముగింపు చూడని మనిషి, చచ్చేలోగా ఒక కథ మొదటినుంచి చివరిదాకా తానే రాయాలని, దాని కింద తన పేరు అచ్చులో చూసుకోవాలని మనసులో పెట్టుకున్నాడు.

దీనికి దాపరికమెందుకంటే, ఒకప్పుడు మిల్లులో నోరుజారి "నేనూ ఒక కత రాస్తా" అన్నాడు. ఆ తరవాత రెండేళ్ళపాటు "కవిగారూ, ఆ బేలు ఇట్ల తోస్తారా" అని పిలిపించుకున్నాడు. ఇప్పుడు మిల్లు లేదు గానీ ఎదురింట్లో ఉచ్చీరమ్మ ఉంది. కుళాయి నీళ్ళకైనా ఒక వేళ ఉంటుంది, ఉచ్చీరమ్మ నోటికి లేదు.

రెండో ఆదివారం అతను బయల్దేరేటప్పటికి ఆ ఉచ్చీరమ్మే అరుగు మీద చేట పెట్టుకుని బియ్యం ఏరుతూ ఉంది.

"ఏమప్పా కేశవులూ, ఆ మద్దిలేటికి సెక్కర రోగముండాదా?"

బస్సుకు పన్నెండు నిమిషాలుంది. లేదంటే మరి కాలు ఎట్లా పాడైందని అడుగుతుంది. ఉందంటే సరిపోతుంది.

"ఊఁ," అన్నాడు.

"నేను సెప్పలేదా శాంతా! పుండు మానడంల్యా, అవునా?"

"ఊఁ."

"సూసుకునేకి పెండ్లాం లేదేమో పాపం."

"ఊఁ."

"కూతురన్నా ఉండల్ల కదా?"

"ఊఁ."

"ఉండి కూడా రాలేదా! అయితే ఎవణ్ణో సేసుకోని పోయింటాది. తండ్రి మొగం సూసేకి సిగ్గు!"

అప్పటికి కేశవులు వీధి మలుపు తిరిగిపోయాడు. ఆ చివరి మాటకు ఊఁ అనలేదు. అనలేదన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

మూడో ఆదివారానికి మద్దిలేటి ఇంటి మనిషైపోయాడు. శాంతమ్మ తెల్లారకముందే లేచి బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసింది, మిరపకాయ బజ్జీలు వేసింది, డబ్బాలో సర్ది మూత బిగించింది. "ఆస్పత్రి కూడు తినేకి కాదు. నోరు సప్పబడి ఉంటాది. నువ్వు తినకుండా ఆయప్పకే పెట్టు," అంది. గాబరాలో కేశవులు డబ్బా అందుకుంటూ "కుడికాలికి కట్టు మారుస్తారంట," అన్నాడు, ఏదో ఒకటి చెప్పాలి గదా అని.

శాంతమ్మ చెయ్యి ఆగిపోయింది. "ఎడమ కాలంటివే?"

కేశవులుకు చెమట పట్టింది. ఎదురింటి అరుగు మీదినుంచి ఉచ్చీరమ్మ అతన్ని ఆదుకుంది.

"రెండో కాలికీ పాకిందేమే! సెక్కరంటే అంతే మల్ల!"

"ఊఁ," అన్నాడు కేశవులు, ప్రాణం తిరిగొచ్చినట్టు.

నాలుగో ఆదివారం పక్కింట్లో పరుపులు కుట్టే ఉస్మాన్ సాబ్ ఒక దిండు తెచ్చాడు. చిన్నది, గుండ్రంగా, మధ్యలో గుంతతో, ఎర్ర పూల గుడ్డతో కుట్టినది. "మడమ పుండు మంచానికి తగలకూడదు అన్నా. ఈ గుంతలో పెడితే పూవు మీద పెట్టినట్టుంటాది. కొత్త దూది. ఖర్చేం లేదులే, మన మద్దిలేటే కదా," అన్నాడు. ఉస్మాన్ సాబ్ భార్య మున్నీ బీ తాయెత్తు పంపింది. ఒక చేతిలో డబ్బా, చంకలో దిండు, జేబులో తాయెత్తు, పొట్ట మీద నోటుపుస్తకం పెట్టుకుని కేశవులు బస్సెక్కాడు. దిండును దారిలో పారేద్దామా అనుకున్నాడు గానీ, ఆ కుట్టు చూస్తే చెయ్యి రాలేదు.

గదిలో సామ్సన్ సారు ఆ దిండు చూసి, నడుము నొప్పీ మోకాలి నొప్పీ ఉన్న మనిషి కాబట్టి, ఏమీ అడక్కుండా కుర్చీలో వేసుకుని కూర్చున్నాడు. "బలేగుంది కేశవులూ" అన్నాడు. డబ్బా మూత తీసి ఉగ్గాని కూడా తిన్నాడు. "ఇది ఇంకా బలేగుంది" అన్నాడు. నోటుపుస్తకం తీసి చదివాడు. ఈసారి ఏమీ అనలేదు.

ఇంట్లో మాత్రం మద్దిలేటి రోజురోజుకూ ఎదుగుతున్నాడు. కేశవులు అన్నం కలుపుకుంటూ ఉంటే శాంతమ్మ మొదలుపెట్టేది. "ఆయప్ప మగ్గం వాళ్ళన్న లాక్కోని ఉంటాడు. లేకుంటే మగ్గాల ఊర్లో పుట్టినోడు ఆదోనికొచ్చి మిల్లులో బేళ్ళు ఎందుకు మోస్తాడు?" కేశవులు ముద్ద మింగి ఊఁ అనేవాడు. "కూతురంటే ప్రాణం. కోపం కూడా దాని మీదే." ఊఁ. "ఉగ్గాని తినేటప్పుడు మిరపకాయ పక్కన పెడ్తాడు కదా? ఆ బిడ్డకు కారమంటే ఇష్టం, అందుకని దానికి మిగిలిస్తా ఉన్న్యాడు సిన్నప్పటినుంచీ. అలవాటు పోలేదు." కేశవులు ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. అతనికి తెలియకుండా అతని అబద్ధానికి అలవాట్లు కూడా వచ్చేశాయి. కుడితిలో పడ్డ ఎలుకలా లోపల ఎటు తిరిగినా గోడే తగులుతోంది. రోజూ సాయంత్రం ఊరికే మార్కెట్ యార్డు దాకా నడిచి, ఊరికే తిరిగొచ్చేవాడు.

ఏడో ఆదివారం సారు నోరు విప్పాడు. కేశవులు రాసిన కథలో నాయకుడు రంగనాయకులు. అబద్ధమాడడు, కోపపడడు, బీదలకు పెడతాడు, నాలుగో పేజీలో ఊరి కోసం ప్రాణమిస్తాడు.

"కేశవులూ, నీ రంగనాయకులు చచ్చిపోతే నాకు ఏడుపు రాలేదు. ఆకలేసింది," అన్నాడు సారు. గదిలో అందరూ నవ్వారు. డిగ్రీ చదివే ఇందు అనే అమ్మాయి మాత్రం కష్టపడి ఆపుకుంది.

"మంచోడే గదా సార్," అన్నాడు కేశవులు.

"అదే వాడికొచ్చిన కష్టం. దేవుడి పటానికి చెమట పట్టదు కేశవులూ. కథలో మనిషికి పట్టాల. వాడికి ఏదో ఒకటి కావాల, అది దొరక్కూడదు. దొరక్కపోయేకి సగం తప్పు వాడిదే అయి ఉండాల. వాడికి బాగలేదంటే చదివినోడు పలకరించేకి బయల్దేరాల. అట్లాంటోణ్ణి తీసుకురా. వచ్చే వారమే ఆఖరు. తేలేకపోతే పుస్తకంలో తొమ్మిది కథలే."

తిరుగు బస్సులో కేశవులు కిటికీ కడ్డీ పట్టుకుని కూర్చున్నాడు. ఒక్క ఆదివారం, ఒక్క కథ. ఈ వారం రంగనాయకులుకు ఎట్లాగో చెమట పట్టించాలి. పుస్తకం పని అయిపోగానే మద్దిలేటికి రెండు కాళ్ళూ నయం చేసేసి, ఏ కూతురి ఊరికో పంపించేసి, చేతులు కడుక్కోవాలి. వారమంతా కూర్చుని రంగనాయకులుకు తలనొప్పి పెట్టాడు, జ్వరం పెట్టాడు, చివరికి బట్టతల కూడా పెట్టాడు. వాడు కదల్లేదు.

ఆఖరి ఆదివారం పొద్దున ఒక చేత్తో డబ్బా, ఇంకో చేత్తో చెప్పులు పట్టుకుని గడప దాటేసరికి వీధిలో జనం కనిపించారు. ఉచ్చీరమ్మ, మున్నీ బీ, ఇంకా నలుగురు ఆడవాళ్ళు తలదువ్వుకుని, కొత్త చీరలు కట్టుకుని, ఆధార్ కార్డులు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఉస్మాన్ సాబ్ చేతిలో అరటిపళ్ళ అత్తం ఉంది. వెనకనుంచి శాంతమ్మ తాళం కప్ప పట్టుకుని వచ్చింది.

"పదయ్యా. ఏడు వారాలుగా ఒక్కడివే తిరుగుతాండావు. ఒకతూరన్నా మేము పోయి పలకరించకుంటే మనుషులమేనా?" అంది శాంతమ్మ.

"ఆడోళ్ళకు బస్సు ఉత్తదే కదప్పా!" అంది ఉచ్చీరమ్మ, కార్డు చూపిస్తూ. "యముడు పిలిచినా ఇప్పుడైతే రానూపోనూ ఫ్రీ."

కేశవులు చేతిలోని చెప్పులు కింద పడేశాడు. "డాక్టరు ఎవురినీ రానియ్యడు," అన్నాడు.

"అంత ముదిరిందా!" అని మున్నీ బీ గుండె మీద చెయ్యి వేసుకుంది. ఆ మాటకు, రాకూడదనుకున్న మూలింటి మహాదేవి కూడా ఇంటికి తాళం వేసి వచ్చింది.

"అది కాదు, ఆస్పత్రిలో లేడు. ఇంటికి పంపించినారు."

"ఇంటికి పంపించినారంటే అర్థమేంది?" ఉచ్చీరమ్మ గొంతు తగ్గించింది. "ఇంగ లాభంల్యా అని. బిరబిరా నడవండే!"

అతను ఆపబోయినకొద్దీ మనుషులు పెరుగుతున్నారు. బస్సెక్కేసరికి తొమ్మిదిమంది అయ్యారు. కండక్టరు సున్నా టికెట్లు కొడుతూ "పెండ్లికా అవ్వా?" అని అడిగాడు. "మా మద్దిలేటికి బాగలేదు నాయనా" అని ఉచ్చీరమ్మ మొదలుపెట్టింది. రెండు స్టాపులు దాటేలోగా చక్కెర, పుండు, లేచిపోయిన కూతురు, మగ్గం లాక్కున్న అన్న బస్సంతా పాకిపోయారు. వెనక సీట్లో సంచీ పట్టుకున్న ముసలాయన ఒకడు ముందుకు ఒంగాడు.

"ఏ మద్దిలేటి? ఎమ్మిగనూరు మద్దిలేటే కదా, ఎడమ కాలు కుంటేటోడు? మంచోడప్పా. నాకొకతూరి బీడీ ఇచ్చినాడు."

కేశవులు వెనక్కి తిరిగి అతన్నే చూస్తూ ఉండిపోయాడు. నిజంగానే ఒకడున్నాడేమోనని క్షణం సేపు అతనికే అనుమానం వచ్చింది.

కోటేకల్లు దాటింది. ఇంకో పావుగంటలో బస్సు ఎమ్మిగనూరు చేరుతుంది. పది గంటలకు సారు అందరి కథలూ వింటాడు. ఈ తొమ్మిదిమందిని ఏ ఇంటికి తీసుకుపోవాలి, ఎవరి కాలు చూపించాలి? మనిషి లేకపోతే పలకరింపూ ఉండదు గదా అని ఒక ఉపాయం తట్టింది. మోగని ఫోనును చెవి దగ్గర పెట్టుకున్నాడు. "ఊఁ... ఊఁ..." అన్నాడు. ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"పోయినాడంట," అన్నాడు.

బతికున్నవాడిని చూడడానికి పోయేవాళ్ళు దారిలో వెనక్కి తిరిగితే తిరుగుతారేమో గానీ, చావుకు పోయేవాళ్ళు తిరగరు. ఇది అతనికి ఆ క్షణంలో గుర్తురాలేదు. శాంతమ్మ గుండె బాదుకుంది. ఉచ్చీరమ్మ రాగం ఎత్తుకుంది. "కాళ్ళు రెండూ పుండ్లు పడినా, కడసారి సూపు నోచుకోనంటివే మద్దిలేటీ!" అని ఆమె అంటే ముందు సీట్లో ఎవరో ముక్కు చీదారు. డ్రైవరు పాటలు ఆపేశాడు. బీడీ తాగిన ముసలాయన తువ్వాలు ముఖం మీద వేసుకున్నాడు. కండక్టరు కూడా "రేపెవుడో, నేడెవుడో" అని ఒక మాట అన్నాడు.

ఎమ్మిగనూరు బస్టాండులో దిగగానే ఉస్మాన్ సాబ్ అరటిపళ్ళు ఎవరికో ఇచ్చేసి గులాబీల దండ కొన్నాడు. కేశవులు వాళ్ళందరినీ టీ కొట్టు పక్క బెంచీల మీద కూర్చోబెట్టాడు. "శవాన్ని ఎప్పుడు లేపుతారో కనుక్కోని వస్తా. ఈడనే ఉండండి," అన్నాడు. జీవితంలో ఒక్క ఊపులో అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు. తిరిగి చూడకుండా పరుగులాంటి నడకతో వెళ్ళిపోయాడు. అలవాటు కొద్దీ చేతిలో ఉగ్గాని డబ్బా ఉంది.

శాంతమ్మ కళ్ళొత్తుకుంటూ అటే చూసింది. చూసి చూసి కొంగు కిందికి దించింది.

"సచ్చినోడికి డబ్బా ఎందుకు తీసకపోయినాడు?" అంది.

టీ కొట్టాయన గ్లాసు కడుగుతూ నవ్వాడు. "డబ్బా పెద్దాయనా? ప్రతి ఆదివారం అదిగో ఆ బట్టల దుకాణం మీదికి పోతాడమ్మా. ఒకతూరి చంకలో దిండు కూడా పెట్టుకోని పోయినాడు."

పైన గదిలో కేశవులు నిలబడి కథ చదువుతున్నాడు. రంగనాయకులుకు జ్వరం వచ్చింది, బట్టతల వచ్చింది, అయినా ఊరి కోసం ప్రాణమిచ్చాడు. ఎర్ర పూల దిండు మీద కూర్చుని, నొప్పి ఉన్న ఎడమ మోకాలిని స్టూలు మీద చాపి, సామ్సన్ సారు కళ్ళు మూసుకుని బజ్జీ నములుతున్నాడు. కథ అయిపోయింది. సారు కళ్ళు తెరవలేదు.

"కేశవులూ," అన్నాడు మెల్లగా. "పుస్తకంలో తొమ్మిదే..."

అప్పుడే మెట్ల మీద అడుగుల చప్పుడు అయింది. తలుపు తోసుకుని మొదట ఉచ్చీరమ్మ, ఆమె వెనక దండతో ఉస్మాన్ సాబ్, వాళ్ళ వెనక వీధి అంతా లోపలికొచ్చింది. ఉస్మాన్ సాబ్ చూపు దిండు మీద పడింది.

"అరే! ఇది నా చేతి కుట్టు!" అన్నాడు.

ఉచ్చీరమ్మ చూపు చాపిన ఎడమకాలి మీద పడింది. శాంతమ్మ చూపు ఉగ్గాని డబ్బా మీద పడింది. దిండూ, కాలూ, డబ్బా ఒకే మనిషి దగ్గర ఉన్నాయి.

"మద్దిలేటీ!" అని ఉచ్చీరమ్మ కెవ్వుమంది. "తిరిగొచ్చినావా నాయనా!"

మరుక్షణం సామ్సన్ సారు మెడలో గులాబీల దండ పడింది. మున్నీ బీ అతని మోకాలి మీద చెయ్యి పెట్టి ఏదో చదివి ఊదింది. "పోయినాడని సెప్తావా పాడు నోరోడా!" అని మహాదేవి కేశవులు వీపు మీద ఒకటి వేసింది. ఇందు గబుక్కున ఫోను తీసి రికార్డు పెట్టింది.  సారు కేశవులువైపు ఒకసారి చూశాడు. నలభై ఏళ్ళు పిల్లల అబద్ధాలు విన్న మాస్టరు ఆయన. దండ సర్దుకుని, ఉచ్చీరమ్మవైపు తిరిగి ఒక్కటే అన్నాడు.

"ఊఁ."

అంతే, గట్టు తెగింది. కూతురి సంగతి ఉచ్చీరమ్మ చెప్పింది. అన్న మగ్గం లాక్కున్న సంగతి శాంతమ్మ చెప్పింది. మిల్లులో ఎవరికైనా దెబ్బ తగిలితే మొదట పరుగెత్తేది మద్దిలేటేననీ, సాయంత్రానికి వాళ్ళతోనే తగాదా పెట్టుకునేవాడనీ మున్నీ బీ చెప్పింది. ఇది కేశవులుకు కూడా కొత్త. "పుండు కంటే కూడా నీ పంతమే నిన్ను తింటాండాది అన్నా. నా మాట ఇను, బిడ్డకు ఫోను సెయ్," అని ఉస్మాన్ సాబ్ సారు చేతులు పట్టుకున్నాడు. నేర్చుకోవడానికి వచ్చిన మిగతా తొమ్మిదిమందీ బల్లలు ముందుకు లాక్కున్నారు. సారు బజ్జీ చేతిలో అట్లాగే ఉండిపోయింది.

"ఇదంతా మీకు ఎవురు సెప్పినారమ్మా?" అని అడిగాడు చివరికి.

అందరి వేళ్ళూ కేశవులువైపు తిరిగాయి.

కేశవులుకు ఒక్కసారిగా కళ్ళ ముందు దారి కనిపించింది. బాగలేదంటే పలకరించడానికి ఒక వీధే బస్సెక్కి వచ్చింది. ప్రాణమున్న మనిషంటే ఇంతకంటే ఏం కావాలి? నేనే పుట్టించానని ఒప్పుకుంటే పదో కథ తనదే. ఒప్పుకుంటే ఏడు వారాల అబద్ధం కూడా తనదే. శాంతమ్మ ముఖంవైపు చూడకుండా, గోడకు చెప్పినట్టు చెప్పాడు.

"మద్దిలేటి లేడు. నేనే పుట్టించినా. ఈయన సామ్సన్ సారు. ఈడ కతలు నేర్పిస్తారు. దానికే వస్తా ఉంటి. నవ్వుతారని సెప్పలేదు."

ఉస్మాన్ సాబ్ సారు చేతులు వదిలేశాడు.

"లేడంటే?" అంది ఉచ్చీరమ్మ. ఆమెకు నమ్మకం కుదరలేదు. "ల్యాకుంటే ఇప్పుడు బస్సులో ఏడిస్తిమే, ఎవరికి ఏడిస్తిమి?"

"మల్ల నేను ఎవరి మడమకు కుట్టినా?" అన్నాడు ఉస్మాన్ సాబ్.

శాంతమ్మ ముందుకొచ్చింది. "నవ్వుతారని సెప్పలేదా? నవ్వుతాం. నవ్వితే ఏమి, అరిగిపోతావా? ఆరు వారాలు పొద్దున్నే లేచి ఉగ్గాని సేస్తిని కదయ్యా, ఉండాడో లేడో తెలియనోడికి!" అని, డబ్బా మూత తీసుకుని గట్టిగా బిగించింది.

సారు లేచి నిలబడ్డాడు. దండ తియ్యలేదు. "అమ్మా, కొట్టేది తరవాత కొట్టండి. ముందు నాకొకటి తేల్చండి. పది మంది కథలు విన్నా, ఇట్లాంటి మనిషి ఒక్కదాన్లో లేడు. వీడు పుస్తకంలో ఉండాల్సిందే. కేశవులూ, వాడికి సెక్కర రోగం నువ్వే పెట్టినావా?"

"అది నేనడిగితి. ఆయప్ప ఊఁ అన్న్యాడు," అంది ఉచ్చీరమ్మ.

"కూతురు?"

"అదీ నేనే."

"మగ్గం?"

"నేను," అంది శాంతమ్మ.

"దిండు నాది," అన్నాడు ఉస్మాన్ సాబ్, ఎవరూ అడక్కపోయినా.

"మరి నువ్వేం సెప్పినావు కేశవులూ?"

కేశవులు చాలాసేపు ఆలోచించాడు. "కాలు," అన్నాడు. కాసేపాగి, "ఎడమ," అన్నాడు.

సారు తల పట్టుకున్నాడు. "కథ చెప్పేటోడు చెప్పాల, వినేటోళ్ళు ఊఁ కొట్టాల. నువ్వు తిరగేసినావు కదప్పా! సరే, ఆఖరి మాట. దీనికి జవాబు చెప్పినవాళ్ళదే కథ. మద్దిలేటికి ఏం కావాల?"

కేశవులు ఈ ప్రశ్నను వారం రోజులుగా ఎరుగును. రంగనాయకులు విషయంలో దీనికోసమే పేజీలు పేజీలు చించాడు. ఇప్పుడు పుస్తకమూ, పేరూ, బజ్జీ పొట్లాల చిరిగిన అంచులూ అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. గొంతు సవరించుకున్నాడు.

"కాలు నయం కావాల," అన్నాడు.

"యాడిదయ్యా కాలు!" శాంతమ్మ అడిగించుకోలేదు. "ఆయప్పకు కాలు నయం కాకూడదు. నయమైతే కూతురు రాదు కదా! తండ్రికి బాగలేదంటే ఒకనాటికి రాకపోతుందా అని కట్టు విప్పుకోని పుండు గీక్కుంటాండాడు. డాక్టరుకు సెప్పడు. కూతురొస్తే కూడా ఊరికే ఉంటాడా? ఎందుకొచ్చినావే అని తిడ్తాడు. ఆ తిట్టే మాట ఏందో ఏడేండ్లుగా దాచిపెట్టుకోని ఉండాడు."

 మున్నీ బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లేడని ఇప్పుడే తెలిసిన మనిషి కోసం ఉస్మాన్ సాబ్ రెండోసారి కళ్ళు తుడుచుకున్నాడు.

"నీకెట్ల తెలుసమ్మా?" అన్నాడు సారు.

"ఆరు వారాలు డబ్బా కట్టిచ్చినా. తెలీకుండా ఎట్ల పోతాది?"

సారు బల్ల మీది కాగితం తీసి, పదో గీత మీద రాయడానికి కలం పట్టుకున్నాడు. "నీ పేరేందమ్మా?"

"సార్," అన్నాడు కేశవులు, ఆఖరి ఆశ పట్టుకుని. "ఆమెకు రాత రాదు."

"నీకొచ్చు కదా," అన్నాడు సారు. "ఆమె సెప్తాది, నువ్వు రాయి. పైన ఆమె పేరేస్తాం. కింద నీది కూడా వేస్తాం, చిన్నక్షరాల్లో."

తిరుగు బస్సులో శాంతమ్మ అతనితో మాట్లాడలేదు. రెండో రోజూ మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున అరుగు మీద చాప పరిచి, నోటుపుస్తకం అతని ముందు పడేసి, "రాయి," అంది. ఉచ్చీరమ్మ చేట పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. ఉస్మాన్ సాబ్ పరుపు కుట్టుకుంటూనే తన గోడ అవతలినుంచి అప్పుడప్పుడు "ఆడ దిండు మాట మరిసిపోయినారు" అని అరిచాడు. కేశవులు రాశాడు. ఆమె ఆగిన చోట ఆగాడు, పరుగెత్తిన చోట పరుగెత్తాడు. వారం రోజుల్లో పద్నాలుగు పేజీలయ్యాయి. పద్నాలుగో పేజీలో, ఆమె నీళ్ళు తాగడానికి లోపలికి వెళ్ళినప్పుడు, చెయ్యి ఊరుకోక ఒక వాక్యం తనంతట తాను చేర్చాడు.

శాంతమ్మ వచ్చి కూర్చుంది. "ఏదీ, ఇంతదంకా సదువు."

చదివాడు. ఆ వాక్యం వచ్చింది. "మద్దిలేటి మనసులో ఎవరి మీదా కోపం లేదు."

"ఆపు. ఇది నేను సెప్పలేదే?"

కేశవులు ఆ వాక్యం మీద బొటనవేలు అడ్డం పెట్టాడు.

"కోపం ల్యాకుంటే ఇంగ మద్దిలేటేంది? కొట్టెయ్."

కేశవులు కొట్టేశాడు. పద్నాలుగు పేజీల కథలో అతను సొంతంగా రాసిన వాక్యం అదొక్కటే.